పులి మేనత్త చెట్టు దిగిన రోజు

అనగనగా ఒక అడవిలో, అందరూ అలిసిపోయి ఉన్న ఒక ఎండాకాలంలో, గవ్వమ్మ అనే పిల్లి ఉండేది.

అలిసిపోవడమంటే మామూలు అలుపు కాదు పిల్లలూ. ఆ ఏడు ఎండ ఎంత గట్టిగా కాసిందంటే, చెట్ల నీడలు కూడా ఎండకి తాళలేక చెట్టు మొదట్లోకి జరిగి ముడుచుకుని కూర్చునేవి. వాగు పారీ పారీ విసుగెత్తి, పారడం మానేసి నడవడం మొదలుపెట్టింది. కోయిల పొద్దున 'కు' అనేది. మిగతా 'హూ' అనడానికి ఓపిక లేక సాయంత్రానికి దాచుకునేది. ఇందులో ఒక్క అబద్ధం లేదు. ఉంటే గింటే రెండున్నాయి.

గవ్వమ్మ ఒంటి నిండా గవ్వల్లాంటి మచ్చలు. ఆమెకి ముగ్గురు పిల్లలు. కంది, పెసర, ఉలవ. ముగ్గురే గానీ, ఆకలికి మాత్రం ముప్పై మంది పెట్టు. వాగు పక్కన పెద్ద బండ కింద బొరియలో వాళ్ళ కాపురం.

పిల్లి పులికి మేనత్త వరస కదా! అందుకని అడవిలో అందరూ గవ్వమ్మని 'అత్తగారూ' అని పిలిచేవారు. ఆ పిలుపు వినడానికి బాగుండేది. మొయ్యడానికే బరువు. పులి వంశానికి కట్టుబాట్లు ఎక్కువ. ఆకలేస్తే అడగకూడదు. దెబ్బ తగిలితే మూలగకూడదు. అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు ఇంకొకటి ఉంది. ఏమైనా సరే, వెనక్కి అడుగు వెయ్యకూడదు.

గవ్వమ్మ పుట్టి బుద్ధెరిగాక ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు. ఒకసారి రెండు బండల సందులో దూరి ఇరుక్కుపోయింది. వెనక్కి రావడం నామోషీ అనుకుంది. వానాకాలం వచ్చి, వరద వచ్చి, ముందరి బండ కొట్టుకుపోయేదాకా అక్కడే నిలబడి, ముందు వైపు నుంచే బయటికి వచ్చింది!

అలాంటి గవ్వమ్మకి నిద్ర కరువైంది. ఆమె కన్ను మూస్తే చాలు, కంది చెవి కొరికేవాడు. పెసర తోక పట్టుకుని వేలాడేవాడు. అందరికన్నా చిన్నది ఉలవ పొట్ట కిందికి దూరి, "అమ్మా, ఆకలి" అనేది. ముగ్గురికీ పాలిచ్చి పడుకోబెడితే, ముందు పడుకున్నవాడు ముందు లేచేవాడు. గవ్వమ్మ కళ్ళ కింద నలుపు పెరిగి పెరిగి మీసాల దాకా వచ్చింది. అయినా ఎవరితోనూ అనలేదు. పులి మేనత్త 'అలిసిపోయాను' అంటే వినడానికి బాగుంటుందా?

ఒక పొద్దున ముగ్గురు పిల్లలూ ఒకేసారి నిద్రపోయారు. అలాంటి వింత ఆ అడవిలో అంతకు ముందు జరగలేదు.

"ఒక్క కునుకు. ఒకే ఒక్క కునుకు తీస్తా" అనుకుంది గవ్వమ్మ. "పొద కింద పడుకుంటే పట్టేస్తారు. బండ మీద పడుకుంటే పట్టేస్తారు. వీళ్ళకి అందని చోటు కావాలి."

వాగు అవతల ఒక నల్లమద్ది చెట్టుంది. ఎంత ఎత్తంటారా? చందమామ ఆ దారిన పోయేటప్పుడు తల వంచుకుని పోయేవాడు. కొంగలు సగం దాకా ఎగిరి, నడిమి కొమ్మ మీద చద్ది తిని, మళ్ళీ బయల్దేరేవి. గవ్వమ్మ ఆ చెట్టు గబగబా ఎక్కేసింది. ఒక పంగలో ఒదిగి పడుకుంది. ఆమె గురకకి చెట్టు ఆకులు రాలాయి. కొత్త చిగుళ్ళు వచ్చాయి. అవీ రాలాయి.

"అమ్మా! అమ్మా, ఆకలి!"

బొరియలోంచి ఉలవ గొంతు. గవ్వమ్మ ఉలిక్కిపడి లేచింది. దిగుదామని కిందికి చూసింది.  ఎక్కేటప్పుడు ఆకాశం కేసి చూస్తూ ఎక్కింది. ఇప్పుడు నేల కేసి చూడాలి. నేల ఎక్కడో ఉంది, ఎవరో పారేసుకున్న ఆకులాగా.

తల కిందికి పెట్టి ఒక అడుగు వేసింది. సర్రున జారింది. గోళ్ళు గుచ్చి, వెనక్కి కాదు సుమా, చుట్టూ తిరిగి మళ్ళీ పంగలోకి ఎక్కింది.

"అమ్మా!" అంది ఉలవ మళ్ళీ.

"వస్తున్నా తల్లీ! బయటికి రాకండి!" అని కేక పెట్టింది గవ్వమ్మ.

ఆ కేక విని పక్క చెట్టు మీద కొండముచ్చు ఆవులిస్తూ లేచాడు. అతను ఊరికే ఉండలేడు. నిద్రలో కూడా ఎవరో ఒకరితో వాదిస్తూనే ఉంటాడు.

"ఏం అత్తగారూ, కాపురం మేడ మీదికి మార్చారా?"

"చల్లగాలికి వచ్చాను నాయనా."

"ఆకు కదలడం లేదు. గాలెక్కడుంది?"

"వస్తుందేమోనని చూస్తున్నా."

"దిగడం చేతకావడం లేదని చెప్పొచ్చు కదా! దానికేముంది, దూకండి. కొమ్మ మీంచి కొమ్మకి, ఆ కొమ్మ మీంచి ఇంకో కొమ్మకి. నేను చూడండి" అని కొండముచ్చు దూకి చూపించాడు.

గవ్వమ్మ పక్క కొమ్మకి దూకింది. అది లేత కొమ్మ. వింటిబద్దలా వంగి, ఆమెని ఇంకా పై కొమ్మలోకి విసిరికొట్టింది.

"పోన్లెండి, దూకడం వచ్చింది" అన్నాడు కొండముచ్చు. "దిగడమే రాలేదు."

అంతలో ఉడుత వచ్చింది. "అది కాదత్తగారూ, ఇలా! తల కింద పెట్టి, కళ్ళు తెరిచి, జర్రుమని!" అంటూ చెట్టు మొదలు దాకా పరిగెత్తి, మళ్ళీ పైకి వచ్చింది. "చూశారా? చంటిపిల్లలు కూడా దిగుతారు."

గవ్వమ్మ మళ్ళీ తల కిందికి పెట్టింది. గోళ్ళకి పట్టు చిక్కలేదు. రాయిలా పడిపోతూ ఒక బొడిపె దొరికితే ముందుకాళ్ళతో కరుచుకుంది. భయంతో తోక చీపురుకట్టయింది. ఆ భయంలో ఎటు పోతోందో తెలియక ఉన్న చోటి కంటే ఇంకా పైకి పాకేసింది.

మూడోసారి అడవిదున్న వచ్చింది. దానికి బలం చాలా ఎక్కువ. మిగతావి దేవుడు తర్వాత ఇద్దామనుకుని మరిచిపోయాడు.

"ఎందుకొచ్చిన గొడవ? అత్తగారిని దించే బదులు చెట్టునే దించేస్తా" అంది దున్న. నాలుగు అడుగులు వెనక్కి వేసి, పరిగెత్తుకొచ్చి, ఢీ! చెట్టు మొదలు నుంచి చివరి దాకా వణికింది. పక్క అడవిలో మామిడికాయలు రాలాయి. గవ్వమ్మ హడలిపోయి చిటారుకొమ్మకి ఎగబాకింది.

ముగ్గురి సాయమూ పూర్తయ్యేసరికి గవ్వమ్మ ఆకాశానికి అతుక్కుని ఉంది.

చెట్టు కింద గుంపు పోగైంది. అడవిలో అందరూ అలిసిపోయి ఉన్నారని చెప్పానా? సలహా చెప్పడానికి మాత్రం ఎవరికీ ఓపిక తక్కువ కాలేదు. "కళ్ళు మూసుకో" అంది జింక. "కళ్ళు తెరువు" అంది నెమలి. "అసలు ఎక్కకుండా ఉండాల్సింది" అంది కుందేలు. అది మంచి సలహానే. కాస్త ఆలస్యంగా వచ్చింది, అంతే.

ఈ గోలకి ఎలుగవ్వకి నిద్ర చెడింది.

ఎలుగవ్వ ముసలి ఎలుగుబంటి. అడవిలో అందరి అలుపూ ఒక ఎత్తు, ఆమె అలుపొక్కటీ ఒక ఎత్తు. తేనెపట్టు దించాలంటే ఎలుగవ్వా. చెదపుట్ట తవ్వాలంటే ఎలుగవ్వా. ఆమె నడుస్తుంటే మోకాళ్ళు ఎడ్లబండి ఇరుసుల్లా కిర్రుమనేవి. ఆ చప్పుడు విని, బండి వస్తోందని దారిలో ఉన్నవాళ్ళు పక్కకి తప్పుకునేవారు. రాత్రంతా ఇప్పపూలు ఏరుకుని అప్పుడే నడుం వాల్చింది. కిర్రు కిర్రుమంటూ వచ్చి గుంపులో నిలబడింది.

"ఎవరు పోయారు?" అంది.

"ఇంకా ఎవరూ పోలేదవ్వా" అన్నాడు కొండముచ్చు.

"మరి ఈ ఏడుపులేంటి?"

"అత్తగారు చెట్టు దిగలేకపోతున్నారు."

ఎలుగవ్వ తలెత్తి చూసింది. చెట్టు మొదట్నుంచి చివరి దాకా చూడ్డానికే మెడ పట్టేసింది. ఒక నిట్టూర్పు విడిచింది. ఆ గాలికి అంత దూరాన ఉన్న చెదపుట్ట ఒకటి కూలిపోయింది.

"నేను దించకపోతే మీరు నోళ్ళు మూయరు. మీరు నోళ్ళు మూయకపోతే నాకు నిద్ర రాదు. నా ఖర్మ" అని, చెట్టుని రెండు చేతులా పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టింది. ఎక్కుతూ ఆగేది. ఆగి మూలిగేది. మళ్ళీ ఎక్కేది. చివరికి గవ్వమ్మ ఉన్న కొమ్మ కిందికి చేరింది.

"ఎలుగవ్వా, నేను..."

"ఆగు. ఊపిరి అందాక మాట్లాడతా."

చాలాసేపటికి ఊపిరి అందింది. "ఏమే గవ్వా, నీ గోళ్ళు ఎటు వంగి ఉన్నాయో చూసుకో."

గవ్వమ్మ పాదం తిప్పి చూసుకుంది. "లోపలికి."

"కొక్కేల్లా ఉన్నాయి కదా? తల పైకి ఉంటే కొక్కెం బెరడుని పట్టుకుంటుంది. తల కిందికి పెడితే ఏం పట్టుకుంటుంది, గాలినా? ఉడుత కాళ్ళు వెనక్కి తిరుగుతాయి. నీకూ నాకూ తిరగవు. కాబట్టి తిరగాల్సింది మనమే. వీపు నేల కేసి తిప్పు. తోక ముందు, తల వెనక. ఒక్కో కాలూ కిందికి జరుపుకుంటూ రా."

గవ్వమ్మ మీసాలు బిగుసుకున్నాయి. "వెనక్కి నడవాలా? అందరూ చూస్తుండగానా? మా వంశంలో అలాంటిది లేదు. మా మేనల్లుడికి తెలిస్తే ఏమనుకుంటాడు?"

"మీ మేనల్లుడు ఇంత చెట్టు ఎప్పుడైనా ఎక్కాడా?"

"ఎక్కలేదు."

"అయితే దిగడం గురించి ఆయనకేం తెలుసు?"

 గవ్వమ్మ కొమ్మ వదల్లేదు.

"నీ ఇష్టం తల్లీ" అంది ఎలుగవ్వ. "నిన్ను మోసుకు దించే ఓపిక నాకు లేదు. ఉన్నా, నీ గోళ్ళకి నా వీపు చాలదు. పరువు చల్లారాక పిలువు. ఈలోగా నేను పోయి ఒక కునుకు తీస్తా."

సరిగ్గా అప్పుడే గవ్వమ్మ చూపు వాగు పక్కన బండ మీద పడింది. అంత ఎత్తు నుంచి అడవంతా కనిపిస్తుంది కదా! బండ దగ్గర ఏదో ఎర్రగా కదిలింది. గుంటనక్క! అడవంతా చెట్టు కింద చేరి పైకి చూస్తుంటే, అదొక్కటే కింద చూసుకుంటూ బొరియ దగ్గరికి చేరింది.

"నక్క!" అని అరిచింది గవ్వమ్మ. "నా పిల్లల దగ్గర నక్క! దున్నన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా, పరిగెత్తు!"

ఆమె ఎవరినైనా ఏదైనా అడగడం అదే మొదటిసారి. దున్న వెంటనే పరిగెత్తింది. పాపం, దారిలో వాగు అడ్డొచ్చింది. ఎండలో వచ్చిన దాహం. రెండు గుటకలు తాగి పోదామని మూతి పెట్టింది. ఇంకా తాగుతూనే ఉంది.

గవ్వమ్మ కిందికి చూసింది. దూకితే నేల చేరుతుంది గానీ ప్రాణం చేరదు. ఇక్కడే కూర్చుంటే పరువు మిగులుతుంది గానీ పిల్లలు మిగలరు.

కళ్ళు ఒకసారి గట్టిగా మూసి తెరిచింది. మెల్లగా తిరిగింది. అడవంతా చూస్తుండగా, పులి మేనత్త, నేలకి వీపు తిప్పింది.

"ఎలుగవ్వా, నా కాళ్ళ కింద ఏముందో నాకు కనపడదు."

"నాకు కనపడుతుంది. నీ కిందే ఉంటా. జారితే నా నెత్తి మీదే పడతావు. నెత్తి మీద పడేవాళ్ళు నాకు కొత్త కాదు. ఊఁ, కుడి వెనక్కాలు జరుపు. ఇంకాస్త. అక్కడ పగులుంది, గుచ్చు."

గవ్వమ్మ గుచ్చింది. పట్టు దొరికింది.

"ఇప్పుడు ఎడమది."

కింద కొండముచ్చు కిసుక్కున నవ్వాడు. "చూడండ్రా, అత్తగారి తోక ముందుగా విచ్చేస్తోంది!" గుంపంతా నవ్వింది. గవ్వమ్మ కాలు ఆగిపోయింది. చెవులు కాలిపోతున్నాయి.

"నవ్వులు చెవికి తగులుతాయి, కాలికి తగలవు. కాలు జరుపు" అంది ఎలుగవ్వ. ఆ పైన కిందికి తిరిగి ఒక గాండ్రింపు గాండ్రించింది. "నోరు మూస్తారా, నన్ను దిగమంటారా?" గుంపు నోరు మూసింది. చిలకలు ముక్కులు రెండూ కలిపి ముడేసుకున్నాయి.

అక్కడ బొరియ దగ్గర నక్క గొంతుకి తేనె రాసుకుని మాట్లాడుతోంది.

"కందీ, పెసరా, ఉలవా! బంగారు తండ్రుల్లారా! బయటికి రండి. మీ అమ్మ పంపింది."

"అమ్మ పంపితే అమ్మ వాసన వస్తుంది" అన్నాడు కంది లోపల్నుంచి. "నీ దగ్గర కుళ్ళు వాసన వస్తోంది."

"ఎండకి చెమట నాయనా."

"అమ్మ బయటికి రావద్దంది" అన్నాడు పెసర.

"అది పొద్దుటి మాట. ఇప్పుడు మాట మారింది. అమ్మ చెట్టు మీద చిక్కుకుంది. చూపిస్తా రండి. పాలు కూడా ఇప్పిస్తా."

పాలు అనగానే ఉలవ ముక్కు బొరియ బయటికి వచ్చింది. "నిజంగా పాలున్నాయా?"

"బోలెడు" అంది నక్క, పెదాలు నాక్కుంటూ.

చెట్టు మీద గవ్వమ్మ కాలు జారింది. ధబ్బున ఎలుగవ్వ నెత్తి మీద పడింది. ఎలుగవ్వ కళ్ళ ముందు నక్షత్రాలు మెరిశాయి. పట్టపగలు ఆ నక్షత్రాల్ని చూసి గుడ్లగూబలు వేటకి లేచాయి.

"దెబ్బ తగిలిందా అవ్వా?"

"తగలడం అయిపోయింది. నువ్వు కానీ."

కుడి కాలు. ఎడమ కాలు. బొడిపె. పగులు. మళ్ళీ కుడి కాలు. గవ్వమ్మకి బెరడు తప్ప ఏమీ కనపడటం లేదు. పిల్లలు కనపడటం లేదు. నక్క కనపడటం లేదు. అడుగడుక్కీ ఒక్కసారి తిరిగి చూద్దామనిపించేది. తిరిగితే జారుతుంది. పళ్ళు బిగించి, కింది నుంచి వచ్చే ముసలి గొంతు ఎటు చెబితే అటు కాలు పెట్టింది.

"ఇక చాలు. ఇక్కణ్ణించి దూకొచ్చు. పో!" అంది ఎలుగవ్వ.

గవ్వమ్మ దూకింది. నేల తగిలిందో లేదో తెలియదు, పరిగెత్తింది. ఆమె వెనక లేచిన దుమ్ము ఇంకా ఆ అడవిలో దిగలేదు.

ఉలవ ముందుకాళ్ళు రెండూ బయట పెట్టేసింది. నక్క నోరు తెరిచింది. ఆ తెరిచిన నోటికి ఎదురుగా గవ్వమ్మ వచ్చి నిలబడింది. ఒంటి మీద ఒక్కో వెంట్రుకా ఒక్కో ఈటె. పిల్లి కాస్తా పులంత అయింది, పులి కాస్తా ఏనుగంత అయింది. 'హిస్స్' అని ఒక్క అరుపు! ఒక్క పంజా దెబ్బ ముక్కు మీద!

నక్క పారిపోయింది. ఎంత దూరమని అడక్కండి. ఇప్పటికీ ఎక్కడా ఆగినట్టు కబురు లేదు.

గుంపంతా ఆయాసపడుతూ వచ్చింది. అందరికన్నా వెనక ఎలుగవ్వ వచ్చింది, కిర్రు కిర్రుమంటూ.

కొండముచ్చుకి నోరు ఊరుకోదు కదా! "అత్తగారూ, మరి మీరు వెనక్కి దిగిన సంగతి పులిగారికి మేం చెప్పాలా, మీరే చెబుతారా?"

ఉలవ పాలు తాగుతున్నదల్లా తల పైకెత్తింది. "అమ్మా, వెనక్కి దిగడం అంటే ఏంటి?"

అడవంతా గవ్వమ్మ కేసి చూసింది. 'ఏం లేదమ్మా, వాళ్ళు సరదాకి అంటున్నారు' అంటే సరిపోయేది. ఉలవ నమ్మేది. పరువు అతుక్కునేది.

గవ్వమ్మ అలా అనలేదు.

"తోక ముందు పెట్టి దిగడం తల్లీ. నేను అలాగే దిగాను. ఎలుగవ్వ కింద ఉండి కాలు ఎక్కడ పెట్టాలో చెబుతుంటే దిగాను. నాకు చాలా భయమేసింది. అసలు చెట్టెక్కింది గాలికి కాదు. అలిసిపోయాను. నిద్ర లేక, ఎవరితో చెప్పాలో తెలియక, మీకు అందకుండా పారిపోయి పడుకున్నాను."

ఎవరూ నవ్వలేదు. కొండముచ్చు తల గోక్కున్నాడు. చిన్నగా, "నాకూ అలుపుగానే ఉంది అత్తా" అన్నాడు. 'గారూ' అనడం మరిచిపోయాడు.

"నాకూ" అంది ఉడుత.

"నాకు నెలరోజుల్నుంచీ" అంది జింక.

ఒకరి తర్వాత ఒకరు ఉన్నచోటే కూలబడ్డారు. అంతసేపూ ఎవరి అలుపు వాళ్ళు దాచుకుని, పక్కవాళ్ళకి లేదనుకుని తిరిగారు.

ఎలుగవ్వ బొరియ ముందే బోర్లా పడుకుంది. "గవ్వా, నువ్వు లోపలికి పోయి నిద్రపో. పిల్లల్ని ఇలా నా దగ్గర వదులు. నన్నెలాగూ ఎవరూ నిద్రపోనివ్వరు."

గవ్వమ్మ బొరియలోకి వెళ్ళింది. కంది, పెసర, ఉలవ ఎలుగవ్వ వీపు మీదికి ఎగబాకారు. అంత పెద్ద కొండని వాళ్ళు అంతవరకు ఎక్కలేదు. పైకెక్కాక ఉలవ కిందికి చూసి బిక్కమొహం వేసింది.

"తిరుగు బుజ్జీ" అంది ఎలుగవ్వ, కళ్ళు తెరవకుండానే. "తోక ముందు. కుడి వెనక్కాలు జరుపు. అదీ. అక్కడ బొచ్చు గట్టిగా ఉంది, గుచ్చు. అబ్బా! అంత గట్టిగా కాదే, నా తల్లీ!"

నీతి: ఎక్కిన చోటే బిగుసుకుని కూర్చోవడం పరువు కాదు, 'అలిసిపోయాను, దిగలేకపోతున్నాను' అని నోరు తెరిచి చెప్పి, అవసరమైతే వెనకడుగు వేసైనా మనవాళ్ళ దగ్గరికి చేరుకోవడమే అసలైన పరువు.